మస్కీకి రౌండ్ రీలా, లో ప్రొఫైలా?

మొన్న అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం డులూత్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఈ జూన్‌లో మస్కీ అనే పెద్ద చేప పట్టి తీరాలని పంతం, రాడ్ (గేలం కర్ర) కొనేశాడు, దారం చుట్టే రీల్ దగ్గర ఆగిపోయాడు. "అన్నా, రౌండ్ తీసుకోమంటావా, లో ప్రొఫైల్ తీసుకోమంటావా?" రౌండ్ అంటే రాడ్ మీద ఎత్తుగా కూర్చునే గుండ్రటి రీల్, లో ప్రొఫైల్ అంటే ఎత్తు తక్కువది. అరగంట మాట్లాడినా తేలలేదు, అందుకే ఇక్కడ రాసేస్తున్నా.

మస్కీ తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. మన కొర్రమీను లాగే నాచు పక్కన కదలకుండా కాపు కాసి ఒక్కసారిగా మీద పడే రకం, కాకపోతే మనిషి నడుము దాటే పొడవు. మిన్నెసోటాలో 54 అంగుళాల లోపుది దొరికితే వదిలేయాల్సిందే, ఆపైన దొరికినా దాదాపు అందరూ వదిలేస్తారు (పట్టి వదిలేయడానికా ఇంత ఖర్చు అని మా నాన్న ఇప్పటికీ అడుగుతారు). పదివేల విసుర్లకి ఒక చేప అని ఇక్కడి సామెత. అంటే చేపతో కుస్తీ ఐదు నిమిషాలైతే ఉత్తినే విసిరి లాగడం రోజంతా, కాబట్టి ఆ ఉత్తి రోజుని చెయ్యి నొప్పి లేకుండా దాటించే రీల్ కావాలి. నేనైతే అలాగే చూస్తాను.

నా మొదటి తప్పు చౌకగా అయిపోతుందని బాస్ చేపలకి వాడే చిన్న 200 సైజు లో ప్రొఫైల్‌తో దిగడం. డబుల్ టెన్ బక్‌టెయిల్ అని ఒక ఎర ఉంటుంది, రెండు పెద్ద పదో నంబరు రేకులు నీళ్ళలో గిరగిరా తిరుగుతాయి, దాన్ని లాగుతుంటే బావిలోంచి నిండు బిందె తోడుతున్నట్టే ఉంటుంది. ఆగస్టు వచ్చేసరికి హ్యాండిల్ తిప్పితే లోపల కరకర. గేర్లు అరిగిపోయాయి. తప్పు రీల్‌ది కాదు, నాదే.

ఆ తర్వాత సెకండ్ హ్యాండ్‌లో ఆంబాసడర్ 6500 కొన్నాను, గుండ్రటిది. చేసిన ఆబు కంపెనీ స్వీడన్‌లో 1921లో గడియారాల ఫ్యాక్టరీగా మొదలైంది, ఆ పేరులోనే 'ఉర్‌ఫాబ్రికెన్' అని గడియారాల ఫ్యాక్టరీ ఉంది. విప్పి చూస్తే నమ్మబుద్ధేస్తుంది. మూడు మరలు చేత్తోనే తిప్పితే పక్క పలక ఊడొస్తుంది, లోపల అంతా కళ్ళెదురుగా ఉంటుంది, తుడిచి గ్రీజు పెట్టి మళ్ళీ బిగించెయ్యచ్చు. కాకపోతే క్లచ్ కింద రెండు బుల్లి స్ప్రింగులుంటాయి, మొదటిసారి విప్పినప్పుడు ఒకటి ఎగిరి పొయ్యి కిందకి పోయింది, ఆ రాత్రి మా ఆవిడ టార్చ్ పట్టుకుంది, ఆ కథ ఇక్కడొద్దు.

బక్‌టెయిళ్ళకి దానికి నేను ఇప్పటికీ వంక పెట్టను. ఇబ్బంది జర్క్‌బెయిట్లతో (కుదుపుతూ లాగే ఎరలు), పెద్ద రబ్బరు ఎరలతో వచ్చింది. పౌండర్ బుల్‌డాగ్ అనే రబ్బరు ఎర ఒక్కటే పౌను బరువుంటుంది. వాటిని ఊరికే చుట్టుకుంటూ పోతే కుదరదు, రాడ్‌ని కిందకి ఊపుతూ లాగాలి, ఆగాలి, మళ్ళీ లాగాలి, రోజుకి కొన్ని వందల సార్లు. రౌండ్ రీల్ రాడ్ మీద ఎత్తుగా కూర్చుంటుంది కాబట్టి అరచెయ్యి పూర్తిగా ముడుచుకోదు, పట్టంతా వేళ్ళ మీద పడుతుంది. సెప్టెంబరులో సోమవారం పొద్దున్న ఆఫీసులో మౌస్ పట్టుకోలేకపోయాను.

అప్పుడు షిమానో కంపెనీ లో ప్రొఫైల్ రీల్ ట్రాంక్స్ 400 తీసుకున్నాను. లో ప్రొఫైల్ అంటే తేలిక అని షాపుల్లో చెప్తారు గానీ, రెండూ వంటింటి కాటా మీద పెడితే చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా అంతా ఎత్తులోనే. రీల్ అరచేతిలో ఇమిడిపోతుంది, ఎర వెంట వచ్చిన చేపని ఊరించడానికి పడవ పక్కన రాడ్ కొనతో ఎనిమిది అంకె తిప్పేటప్పుడు కూడా బొటనవేలు స్పూల్ (దారం చుట్టుకునే చక్రం) మీదే ఉంటుంది.

ఇంకో సంగతి, చాలామంది ఆకారాన్నీ వేగాన్నీ కలిపేసుకుంటారు. స్పూల్ మీద దారం అడ్డంగా 4 సెంటీమీటర్లు ఉందనుకోండి, ఒక చుట్టుకి పన్నెండున్నర సెంటీమీటర్లు వస్తుంది. 5.3:1 అంటే హ్యాండిల్ ఒక చుట్టుకి స్పూల్ 5.3 చుట్లు, ఆ రీల్ హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే దారం సుమారు 66 సెంటీమీటర్లు వస్తుంది, 7.6:1 అయితే 95. ఎక్కువ లాగేదాన్ని తిప్పడానికి బలమూ ఎక్కువే కావాలి. అందుకే బక్‌టెయిళ్ళకి నెమ్మది గేరు, రబ్బరుకి వదులైన దారం గబుక్కున చుట్టుకోవడానికి వేగం. ఈ రెండూ రెండు ఆకారాల్లోనూ దొరుకుతాయి, ట్రాంక్స్ 500లోనే 4.6:1 ఉంది. కాబట్టి డబ్బా మీద ముందు ఆ అంకె చూడండి.

దారం ఎంత పడుతుందన్న టెన్షన్ వద్దు. 80 పౌన్ల బ్రెయిడ్ (అల్లిన దారం) 400 సైజులో కావలసినంత పడుతుంది, మస్కీ వందల మీటర్లు పరిగెత్తే చేప కాదు. ట్రోలింగ్ (కదిలే పడవ వెనక ఎర లాగడం) చేసేవాళ్ళకైతే ఎంత దారం వదిలామో చూపే లైన్ కౌంటర్ ఉన్న రౌండే, అందులో వాదనే లేదు. ఇక షిమానోలో 400 అంటే కుడిచేతి హ్యాండిల్, 401 అంటే ఎడమచేతిది, ఆర్డర్ పెట్టేముందు ఆ చివరి అంకె చూసుకోండి, నా స్నేహితుడొకడు చూసుకోలేదు.

ఒక్కటే కొనగలిగితే నా ఓటు 400 సైజు లో ప్రొఫైల్‌కి, పొడుగు పవర్ హ్యాండిల్‌తో, 6:1కి లోపు గేరుతో. బక్‌టెయిల్ తప్ప వేరేది విసరను, పాతదైనా పర్లేదు అంటే రౌండ్.

ఇదంతా తమ్ముడికి చెప్పాను. నిన్న ఫోటో పంపాడు, రౌండే కొన్నాడట. "చూడ్డానికి భలే ఉందన్నా" అన్నాడు. విప్పేటప్పుడు స్ప్రింగులు జాగ్రత్త అని మెసేజ్ పెట్టాను.