తన జానతో జానెడు

మా వంటింట్లో చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఉంది. పిండి తూచడానికని కొన్నాం. ఇప్పుడు దాని మీద ఎక్కువగా ఊలు ఉండలే కనిపిస్తున్నాయి. శనివారం పొద్దున మా అమ్మాయి బిస్కట్ల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లిస్తుంది. నిరుడు అల్లిన టోపీలో మిగిలిన పసుపు 11 గ్రాములు, తమ్ముడి మఫ్లర్ తాలూకు నీలం 6, ఎందులో మిగిలిందో గుర్తులేని ముదురాకుపచ్చ 3. తూచిన అంకెను చిన్న చీటీ మీద రాసి ఒక్కో ఉండలో దోపుతుంది. దానికి తొమ్మిదేళ్ళు. ఐర్లండ్‌లో, కార్క్ నగరంలో పుట్టింది.

ఈ మిగులు ఊలుతో మేం అల్లేది గ్రానీ స్క్వేర్. క్రోషే అంటే కొక్కెం ఉన్న సూదితో అల్లే ఈ చదరం మధ్యలో మొదలై చుట్లు చుట్లుగా బయటికి పెరుగుతుంది. ఒకే చోట కలిపి అల్లిన కొన్ని కుట్లు ఒక గుత్తి. మొదటి చుట్టుకు 4 గుత్తులు, రెండో చుట్టుకు 8, మూడో చుట్టుకు 12. దారం ఖర్చు కూడా దాదాపు అదే లెక్కన పెరుగుతుంది. అందుకే 3 గ్రాముల ఆకుపచ్చ మధ్యలోకి వెళ్ళాలి, 11 గ్రాముల పసుపును బయటి చుట్టుకు దాచుకోవాలి. ఈ సంగతి నేను చెప్పలేదు. నరసాపురంలో ఉన్న మా అమ్మ ఫోనులో చెప్పింది. చలికాలంలో మాకు ఉదయం 10 అయితే అక్కడ మధ్యాహ్నం మూడున్నర. అమ్మ భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి లేచే వేళ.

"ఐదో చుట్టుకు ఎన్ని గుత్తులు, అమ్మమ్మా?"

"ఎక్కం చదువు, నీకే తెలుస్తుంది. నాలుగొకట్ల నాలుగు. నాలుగు రెళ్ళు ఎనిమిది. నాలుగు మూళ్ళు పన్నెండు..."

మా అమ్మాయి ఆమె వెంట చదివింది. మూలల దగ్గర తడబడుతూ, వేలితో గుత్తులు లెక్కపెట్టుకుంటూ, ఇరవై దాకా వెళ్ళింది. అంతకు ముందు రెండేళ్ళు నేను దాన్ని ప్రతి ఆదివారం కూర్చోబెట్టి అచ్చులు, హల్లులు దిద్దించాను. అక్షరాలు వచ్చాయి గానీ నోట మాట రాలేదు. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పేది. మన పిల్లలకు తెలుగు రావాలంటే ముందు తెలుగులో చేయవలసిన పని ఒకటి వాళ్ళ చేతికి ఇవ్వాలని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది. అల్లు, విప్పు, లాగు, బిగించు, వదులు చెయ్యి, కొస పట్టుకో. ఇవేవీ నేను నేర్పిన మాటలు కావు. ఊలు పట్టుకున్నాక వాటంతట అవే వచ్చాయి.

మా అమ్మ చేతిలో క్రోషే సూది లేని రోజు నాకు గుర్తులేదు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో లేసు అల్లికలు 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చాయి. తరతరాలుగా ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని అల్లిన లేసు విదేశాలకు ఎగుమతి అవుతోంది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. నా చిన్నప్పుడు మా ఇంటికి ఏజెంటు వచ్చి దారం తూచి ఇచ్చేవాడు, అల్లిన లేసును తూచి తీసుకెళ్ళేవాడు. రెండు తూకాలకు తేడా వస్తే కూలిలో కోత పడేది. ఆ దారం మాది కాదు. లెక్క అప్పజెప్పాక బెత్తెడు, మూరెడు ముక్కలు మిగిలితే అవి మాత్రం మావి. అమ్మ వాటిని మందుల సీసాలో వేసి దాచేది. ఏడాదిన్నర పాటు అలా కూడిన ముక్కలతో మా ఇంటి టీవీ మీదకి ఒక గుడ్డ అల్లింది. తెల్లదారమే అయినా తెలుపులన్నీ ఒకటి కావు. ఒక చోట పాలతెలుపు, ఒక చోట కాస్త పసుపు తిరిగినట్టు. మా ఇంటికి వచ్చిన వాళ్ళు టీవీ కన్నా ముందు ఆ గుడ్డనే చూసేవాళ్ళు.

ఆ గుడ్డలో ఒక్క ముడి కూడా లేదు. అంత చిన్న ముక్కలతో ముడి లేకుండా అల్లడం ఎంత కష్టమో నాకు ఇప్పుడు తెలుస్తోంది. ముడి వేస్తే పైకి ఉబ్బి కనిపిస్తుంది, ఉతుకుల్లో ఏదో ఒకనాడు జారిపోతుంది. కొస వదిలి, దాన్ని సూదితో కుట్ల లోపలికి ఒకసారి ఇటు, మళ్ళీ వెనక్కి అటు తిప్పి దాచాలి. ఒకే వైపు లాగి వదిలేస్తే చాలదు. కొస ఎంత వదలాలని మా అమ్మాయి అడిగింది. "నీ జానెడు వదులు, తల్లీ" అంది అమ్మ. జాన అంటే తెలియక అది నా వైపు చూసింది. ఫోను ముందు అమ్మ చెయ్యి చాచి బొటనవేలు, చిటికెనవేలు విప్పి చూపించింది. ఇది కూడా విప్పింది. స్కేలు పెట్టి కొలిస్తే 15 సెంటీమీటర్లు. కొస దాచడానికి సరిగ్గా సరిపడే పొడవు.

ఒకసారి నష్టపోయాం కూడా. పాత వస్తువులు అమ్మే ఛారిటీ షాపులో, ఏ రకం దారమో చెప్పే చీటీలు లేని ఊలు ముక్కలు సంచి నిండా దొరికితే సంబరంగా తెచ్చి పదహారు చదరాలు అల్లి కలిపేశాం. వేడినీళ్ళలో ఉతికేసరికి సగం చదరాలు గట్టిపడి అరచేయంత అయ్యాయి, మిగతా సగం చెక్కుచెదరలేదు. మా అమ్మాయి ఆ రోజు అన్నం తినలేదు. అసలైన గొర్రె ఊలు వేడికి, రాపిడికి ముద్దకట్టి ముడుచుకుపోతుంది. ఆక్రిలిక్ అనే కృత్రిమ దారం అలా ముడుచుకోదు. రెండూ కలిపి అల్లితే ఉతకడం దగ్గరే చిక్కు. అప్పటినుంచి గుర్తు తెలియని ముక్క వస్తే చిమటాతో పట్టుకుని, సింకు మీద అగ్గిపుల్ల గీసి కొస అంటిస్తాను. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి నుసి అయితే ఊలు. కరిగి నల్లటి గట్టి పూస కడితే ఆక్రిలిక్. కాగితం కాలిన వాసన అయితే నూలు. వాసన చెప్పడం మా అమ్మాయి పని. మూడు రకాలకు ఇప్పుడు మూడు డబ్బాలు.

ఆ శీతాకాలంలోనే బడిలో గొప్ప కరువు పాఠం వచ్చింది. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి మొదలైన ఆ కరువు కాలంలో ఐర్లండ్ ఆడవాళ్ళు ఎందరో క్రోషే లేసు అల్లి ఇల్లు నిలబెట్టుకున్నారు. మా కార్క్‌లోనే బ్లాక్‌రాక్‌లో ఉర్సులైన్ అనే క్యాథలిక్ సంఘం సన్యాసినులు ఈ పని నేర్పారు. ఉత్తరాన క్లోన్స్ ఊరిలో 1847లో చర్చి అధికారి భార్య కసాండ్రా హ్యాండ్ మొదలుపెట్టించారు. పాఠం విని వచ్చిన రోజు మా అమ్మాయి చెప్పులు కూడా విప్పకుండా అడిగింది. "అమ్మా, అమ్మమ్మకు కూడా అప్పుడు అన్నం లేదా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ లేసును నేను చిన్నప్పుడు లేమికి గుర్తుగా చూసి, పదో తరగతిలో సూది పక్కన పెట్టేశాను. ఆ సాయంత్రం ఏజెంటు గురించి, త్రాసు గురించి, మందుల సీసా గురించి దానికి మొదటిసారి చెప్పాను. మర్నాడు అది బడిలో వాటిని పంచుకుంది. ఇక్కడ అమ్మమ్మను ఐరిష్‌లో 'మమో' అంటారు. తన 'మమో' పేరు అమ్మమ్మ అనీ, ఆమె లేసు అల్లుతుందనీ చెప్పిందట. తోటి పిల్లల్లో ఒకరి ముత్తవ్వ కూడా అదే పని చేసేదని తెలిసి ఇద్దరూ స్నేహితులయ్యారు.

పోయిన నెల నరసాపురం నుంచి పార్సెల్ వచ్చింది. చింతపండు, కారప్పొడి, వాటి మధ్య పాత మందుల సీసా. లోపల తెల్ల లేసు దారం ముక్కలు. త్రాసు మీద పోస్తే 9 గ్రాములు. ఊలుతో కలిపి అల్లడానికి మరీ సన్నం. అమ్మాయి చాలాసేపు ఆలోచించి మూడు పోగులు ఒకటిగా చేసి, చదరాలను ఒకదానికొకటి కుట్టడానికి వాడుకుంటానంది. ఫోను గిన్నెకు ఆనించి పెట్టి కూర్చుంది.

"కొస ఎంత వదిలావు?" అడిగింది అమ్మ.

అమ్మాయి దారం మీద చెయ్యి చాచి చూపించింది. అమ్మ కళ్ళజోడు సవరించుకుని ఫోను దగ్గరగా తెచ్చుకుంది.

"ఇంత పొడవా? ఏదీ, ఆ చెయ్యి మళ్ళీ పెట్టు."

స్కేలు తెచ్చి కొలిచాం. పదహారున్నర వచ్చింది.