తెల్ల లినెన్ అంగి: నాలుగో కాలరు కూడా పోయింది

పొద్దున అంగి ఉతికి, సగం తడి ఉండగానే ఇస్త్రీ చేసి, హ్యాంగర్‌కు తగిలించి దూరం నుంచి చూశాను. కాలరు మీద బుడగలు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇంట్లో అందరినీ పిలిచి మరీ చూపించాను. పూర్తిగా ఆరేసరికి కాలరు రెండు కొసలూ ఎండిన ఆకులాగ పైకి లేచినయి. పిలిచినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నరు.

భుజాలు కుదిరినయి, చంకలు పట్టలేదు, కాజాలు ఏడూ చేత్తో కుట్టినవే, ఒక్క పోగు లేవలేదు. వాటి గురించి ఇంతే. మూడు నెలలుగా నన్ను తిప్పలు పెడుతున్నది కాలరు.

గుడ్డ 60 లీ (లీ అంటే లినెన్ పోగు సన్నదనం కొలత) తెలుపు, 58 అంగుళాల పన్నా, రెండుంపావు మీటర్లు, వరంగల్ జేపీఎన్ రోడ్డులో కొన్నది. అసలు లినెనే అని షాపులో పోగు కాల్చి చూపించారు. ఆ పరీక్ష మీద నాకు నమ్మకం లేదు. పత్తి కూడా అట్లనే కాగితం వాసనతో కాలి బూడిద అవుతుంది. పాలిస్టర్ కలిస్తే తెలుస్తుంది తప్ప పత్తి కలిస్తే తెలవదు. నేను పోగు తెంపి కొస చూస్తాను. పత్తి కొస కుంచెలాగ విచ్చుకుంటుంది, లినెన్ కొస సన్నగా, ఎగుడుదిగుడుగా తెగుతుంది. లినెన్ క్లబ్ కంపెనీ గుడ్డ కూడా కుట్టి చూశాను. పోగు మరీ సమంగా ఉంటుంది. చాలామందికి అదే నచ్చుతుంది. నాకైతే అక్కడక్కడ లావు పోగు కనపడితేనే లినెన్ తొడిగినట్టు ఉంటుంది.

ఇక కాలరు. మొదటిదానికి మామూలుగా ఇస్త్రీతో అతికే బకరం, అంటే కాలరు గట్టిగా నిలబడడానికి లోపల పెట్టే జిగురు గుడ్డ, వేశాను. కుట్టిన రోజు అద్దంలాగ ఉంది. ఒక్క ఉతుకుకే ఏడు బుడగలు లేచినయి, శనగగింజ అంత ఒక్కోటి. రంగు అంగి అయితే గీతల్లోనో పువ్వుల్లోనో కలిసిపోయేవి. తెలుపు మీద ప్రతి బుడగకూ ఒక నీడ పడుతుంది.

తప్పు లినెన్‌దే అనుకున్నాను. మగ్గం మీద బిగుతుగా లాగి నేసిన పోగు నీళ్లు తగలగానే వదులై గుడ్డ దగ్గరికి వస్తుంది కదా. మిగిలిన గుడ్డలో 25 సెంటీమీటర్ల చదరం కత్తిరించి నానబెట్టి చూశాను. మొదటి నానుడుకు పొడవు 24కు, అడ్డం 24.5కు వచ్చింది. రెండోసారికి పొడవు 23.8. మూడోసారి కదలలేదు. అందుకని రెండో కాలరుకు గుడ్డను రెండుసార్లు నానబెట్టి, ఆరబెట్టి, అప్పుడు కత్తిరించాను. అయినా ఉతికితే బుడగలు వచ్చినయి. ఈసారి తొమ్మిది!

హన్మకొండలో మా గల్లీ చివర నలభై ఏండ్ల నుంచి అంగీలు కుడుతున్న కాకా ఉన్నడు. కాలరు పట్టుకపోయి చూపించాను. అద్దాలు తీసి గోటితో ఒక బుడగను నొక్కిండు.

"గుడ్డకు నీళ్లు తాపినవా బిడ్డా?"

"తాపిన కాకా, రెండుసార్లు."

"మరి బకరంకు?"

ఇంటికొచ్చి బకరం కూడా 25 సెంటీమీటర్ల చదరం కోసి గోరువెచ్చని నీళ్లల్ల వేశాను. 24.4కు దిగింది. అంటే 41 సెంటీమీటర్ల కాలరులో లోపల బకరం ఒక సెంటీమీటరు దాకా కుంచించుకుపోతుంది, పైన లినెన్ కదలదు. ఎక్కువైన ఆ గుడ్డ ఎటు పోవాలె? జిగురు బలం లేనికాడ ఉబ్బుతుంది. నేను నానబెట్టాల్సినదాన్ని వదిలి రెండోదాన్నే రెండుసార్లు నానబెట్టాను.

మూడో కాలరుకు రెండూ నానబెట్టాను. తొమ్మిది పోయి రెండే మిగిలినయి, రెండూ ఎడమ కొస దగ్గరే. ఎడమే ఎందుకు? ఇస్త్రీ చేసేది బల్ల మీద పరిచిన కొత్తవాడ షత్రంజీ (మందపు నూలు జంపఖానా) మీద. 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన మన వరంగల్ షత్రంజీయే, నాలుగు మడతలు. మెత్తగా ఉండి ఒత్తిడినంతా అదే మింగుతున్నది, ఎడమ పక్క మడత అంచు పడుతున్నది. తీసేసి చెక్క మీద పలుచని గుడ్డ పరిచి, ఇస్త్రీ పెట్టె జరపకుండా పదిహేను సెకండ్లు నొక్కిపట్టి చూశాను. బుడగలు లేవు కానీ లినెన్‌కు పెట్టే ఎక్కువ వేడికి జిగురు పైకి ఊరి నూనె మరకల్లాంటి చుక్కలు పడ్డయి. వేడి తగ్గిస్తే అతకదు, పెంచితే మరక. పెద్ద ప్రెస్ ఉన్న ఫ్యాక్టరీవాళ్లకు అతికే బకరం సరే, ఇంట్లో తెల్ల లినెన్‌కు మాత్రం అది వద్దనే నా మాట.

అందుకే నాలుగోదానికి జిగురే లేదు. మల్లు గుడ్డ (పలుచని నూలు గుడ్డ) రెండు పొరలు నానబెట్టి ఆరబెట్టి, లోపల పెట్టి కుట్టేశాను. మా బాపు తెల్లంగీల కాలర్లలో లోపల గుడ్డే ఉండేది. రెండంగీలు, రెండు మల్లు పంచెలు, వారానికోసారి గంజి, కొంచెం నీలం. పెండ్లికైనా పంచాయతీకైనా అదే వేషం, ఏ ఫొటోలో చూసినా కాలం చెల్లినట్టు కనపడడు. నాకీ పిచ్చి అక్కడిదే.

మరి కొసలు ఎందుకు లేచినయి? పై ముక్క, కింది ముక్క రెండూ 41 సెంటీమీటర్ల పొడవు, 7.5 వెడల్పు కొలతలోనే కత్తిరించాను. కాలరు మడిచినప్పుడు పైముక్క బయటి నుంచి తిరుగుతుంది కాబట్టి దానికి కొంచెం ఎక్కువ గుడ్డ కావాలె. అది దొరక్క కొసను పైకి గుంజుతున్నది. బకరం గట్టితనం ఇన్నాళ్లు దీన్ని దాచినట్టుంది. ఐదో కాలరులో కింది ముక్క మెడ వైపు తప్ప మిగతా అంచుల్లో 3 మిల్లీమీటర్లు తక్కువ కోస్తాను. రెండు చాలవచ్చునేమో కానీ ఈ 60 లీకి మల్లు రెండు పొరలు కలిపితే మందం బాగానే వస్తుంది. లోపలి కుట్టు అంచులు పైకి బూడిదరంగు గీతలాగ కనపడుతున్నయి, వాటిని కూడా 4 మిల్లీమీటర్లకు కత్తిరించాలె. మిషను సూది 14 నంబరు నుంచి సన్నని 11కు మార్చాను, బొక్కలు తగ్గినయి.

ఇంకో సంగతి, మా బోరు నీళ్లల్ల ఇనుము ఉంది, తెలుపు పసుపు తిరుగుతున్నది. బ్లీచ్ వేస్తే ఇంకా ముదురుతుంది, పోగూ చెడుతుంది. చివరి జాడింపు నల్లా నీళ్లతోనే.

కాలరే లేని లాల్చీ కుట్టుకుంటే ఈ గోల ఉండదని ఇంట్లో సలహా. కుడతాను, కానీ దీని తర్వాత. దసరాకు జమ్మి ఇచ్చిపుచ్చుకునే నాటికి ఈ అంగి తయారుగా ఉండాలె. జేబు పెట్టాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. ఖాళీ ఛాతీయే అందంగా ఉంటుంది, కానీ ఇంటింటికీ పోతే జమ్మి ఆకు పెట్టుకోను జేబు కావాలె. 11 సెంటీమీటర్ల వెడల్పు, మూలలు గుండ్రం, అడుగున ఒక పొర మల్లు. ముందు మల్లు ఇంకో మీటరు తేవాలె, తెచ్చిన రోజే నానబెట్టాలె.