కోపం తగ్గింది కానీ...

ఈ మధ్య తమ్ముడికి ఎప్పుడు ఫోన్ చేసినా ఎవరో ఒకరి మీద ఫిర్యాదే. మేనేజర్ కావాలనే ప్రాజెక్టు ఇవ్వట్లేదట, పైఇంటివాళ్లు పంతంకొద్దీ రాత్రిళ్లు కుర్చీలు జరుపుతున్నారట. మనసు ఆగక ఇవాళ దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి మూసాపేట వెళ్లొచ్చాను.

నేను వెళ్లేసరికి కుళాయిలో నీళ్లు లేవు. మోటార్ వెయ్యలేదని బాల్కనీలోంచి వాచ్‌మన్ మీద అరుస్తున్నాడు. "నేనంటే లెక్కలేదక్కా. పక్క ఫ్లాట్‌వాళ్లకైతే ఇలా చేస్తాడా?" కిందికి వెళ్లి చూస్తే అసలు ఏ ఫ్లాట్‌కీ నీళ్లు లేవు. ట్యాంకర్ రాలేదు. వాచ్‌మన్ గేటు దగ్గర నిలబడి ఫోన్లో డ్రైవర్‌ని బతిమాలుకుంటున్నాడు. ఆ మాట చెప్పగానే తమ్ముడి గొంతు తగ్గింది. కాసేపాగి మళ్లీ, "అయినా నన్ను చూసే చూపే వేరక్కా" అన్నాడు.

కోపం దిగిపోయినా అనుమానం దిగలేదు. ఈ రెండూ వేరని మనస్తత్వ శాస్త్రం కూడా అంటుంది. ఆర్నాల్డ్ బస్, మార్క్ పెర్రీ 1992లో తయారుచేసిన ప్రశ్నావళిలో కోపాన్ని, ఎదుటివాళ్లు మనకు చెడే తలపెడతారనే శత్రుభావాన్ని విడివిడిగా కొలుస్తారు. ఆ రెండోదానికి దిగులు ఎలా తోడవుతుందో భోజనాల దగ్గర కళ్లారా చూశాను. పప్పన్నం కలిపాడు, కలుపుతూనే ఉన్నాడు, ముద్ద మాత్రం నోట్లో పెట్టలేదు. ఆఫీసులో ప్రాజెక్టు లేక బెంచ్ మీద పడినప్పటి నుంచీ నిద్ర పట్టట్లేదట. "నేనే దేనికీ పనికిరానేమో" అన్నాడు మెల్లగా.

దిగులు పడ్డ మనిషి తన గురించి, లోకం గురించి, రేపటి గురించి చెడుగానే ఆలోచిస్తాడని మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960ల్లోనే చెప్పాడు. నాకు అనిపించేదేమిటంటే, తమ్ముడు తన మీద తాను చెప్పుకున్న తీర్పునే వాచ్‌మన్ చూపులోనూ, మేనేజర్ మౌనంలోనూ చదువుతున్నాడు. అలాంటప్పుడు వాచ్‌మన్ మంచివాడని నేనెంత వాదించినా ఏం లాభం?

మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ వాడికి రెండు స్టేషన్ల దూరమే. కానీ ఆ ఊరి పేరునే తిట్టుగా వాడే నగరం మనది. డాక్టర్ దగ్గరికి వెళ్దామని ఆ పేరెత్తితే ఏమనుకుంటాడో! బాధేస్తుంది. ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇచ్చాను. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చేస్తాననలేదు, చెయ్యననీ అనలేదు. బుధవారం సెలవు పెట్టి మళ్లీ వెళ్తాను. అప్పటికీ చెయ్యకపోతే పక్కన కూర్చుని నేనే కలిపిస్తాను.