పాత బోటు అవుట్‌డ్రైవ్‌కి మళ్లీ రంగు: బుడగలు ఎందుకొస్తాయి?

అవుట్‌డ్రైవ్ అంటే బోటు వెనక బయట ఉండే, ప్రొపెల్లర్‌ని తిప్పే అల్యూమినియం భాగం. దాని మీద రంగు చాలావరకు పొర కింది నుంచే లేస్తుంది. చిన్న బుడగను గోటితో గీకితే తెల్లటి పొడి రాలుతుంది, అదే అల్యూమినియం తుప్పు. చాలాసార్లు రంగు వేసిన రోజే కింద ఉప్పు మిగిలిపోయి ఉంటుంది. విశాఖలో గాలిలోనే ఉప్పుంది కాబట్టి సగం పని కడగడమే.

ముందు గేర్ ఆయిల్ తీసి చూడండి. పాలలా తెల్లబడితే సీలు పోయి నీళ్లు చేరినట్టే, అది బాగుచేశాకే రంగు సంగతి. పట్టుకున్న సముద్రపు గుల్లల్ని చెక్కపేడుతో గీకి, మిగిలిన సున్నపు మచ్చల్ని వెనిగర్‌తో తుడిచి, సబ్బుతో, మంచినీళ్లతో బాగా కడగాలి. జిడ్డు మాత్రం ఎమరీ పేపర్ పట్టకముందే పోవాలి. లేదంటే గీతల్లోకి ఎక్కి కూర్చుంటుంది.

తుప్పు గుంటల దగ్గర 80 నంబరు ఎమరీ పేపర్, మిగతా చోట్ల 180. గట్టిగా పట్టి ఉన్న పాత రంగును పీకక్కర్లేదు, అంచులు నున్నగా కలిస్తే చాలు. ఇనప వైరు బ్రష్ అసలు వద్దు. దాని రేణువులు అల్యూమినియంలో దిగి అక్కడే మళ్లీ తుప్పు మొదలుపెడతాయి. రుద్దాక మరోసారి మంచినీళ్లు పోసి, గుంటల్లో తడి పూర్తిగా ఆరనివ్వండి. వాటిని నింపడానికి ఎపాక్సీ పుట్టీయే వాడాలి, కారు పనుల్లో వాడే పాలిస్టర్ పుట్టీ నీళ్లు పీలుస్తుంది.

రుద్దిన అల్యూమినియం మీద వెంటనే ఆక్సైడ్ పొర కడుతుంది, అందుకే ప్రైమర్ అదే పూట పడాలి. ఎచ్ ప్రైమర్ (ఆమ్లంతో లోహాన్ని కరిచి పట్టుకునే రకం) మీద కొన్ని ఎపాక్సీ ప్రైమర్లు పట్టవు, డబ్బా మీది సూచన చదవండి. ఇక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. పొద్దున మంచు ఆరాక మొదలెట్టి, మధ్యాహ్నం సముద్రపు గాలి పుంజుకోకముందే ముగించాలి. స్ప్రే డబ్బాను 25–30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని పలచగా మూడు కోట్లు వేయండి. ఒక్క మందపాటి కోటు జారుతుంది, లోపల ఆరదు.

రబ్బరు బెల్లోలు (మడతల గొట్టాలు), ట్రిమ్ రాడ్లు (డ్రైవ్‌ని పైకీ కిందికీ కదిపే కడ్డీలు), నీళ్లు పీల్చే జల్లెడలు, ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందే టేపుతో కప్పాలి. తుప్పును తమ మీదికి తీసుకునే లోహపు ముక్కలైన ఆనోడ్ల మీద చుక్క రంగు కూడా పడకూడదు. వాటి కింద లోహం ఖాళీగా ఉంటేనే అవి తాము కరిగి డ్రైవ్‌ని కాపాడతాయి. బిగించాక ఆనోడ్‌కీ డ్రైవ్‌కీ మధ్య కనెక్షన్ ఉందో లేదో మల్టీమీటర్‌తో చూడండి. సగం అరిగినవి మార్చేయండి.

గుల్లలు పట్టకుండా వేసే రాగి రంగు డ్రైవ్‌కి వద్దే వద్దు, రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది. రాగి లేనిది అడిగి తెచ్చుకోండి. బోటు అడుక్కి రాగి రంగు వేసినా, డ్రైవ్ బిగించిన చోటు చుట్టూ 40 మిల్లీమీటర్లు వదిలేయాలి.