అనుమానించేవారి జ్ఞాపకశక్తి

గుంటూరు, బుధవారం రాత్రి

ఈరోజు చెప్పుకోదగ్గ విశేషమేమీ లేదు. పొద్దున బ్రాడీపేట నాలుగో లైనుకు వెళ్ళి కుట్టడానికి ఇచ్చిన జాకెట్లు తెచ్చుకోవడం, మధ్యాహ్నం కాసేపు కరెంటు పోవడం, సాయంత్రం అత్తయ్యగారి పక్కన కూర్చుని సీరియల్ చూడటం, అంతే. ఆ సీరియల్లో చూసిన ఒక సన్నివేశం మాత్రం మనసును వదలడం లేదు.

కథానాయిక తన నగలు అమ్మి మామగారి తాకట్టు ఇంటిని విడిపించింది. మరిదిని దొంగ కేసు నుంచి బయటపడేసింది. ఇవన్నీ మేము నెలల తరబడి చూశాము. ఇవాళ బీరువాలో డబ్బు కనిపించకపోయేసరికి ఇంటిల్లిపాదీ ఆమె వైపే తిరిగారు, కెమెరా ఒక్కొక్కరి ముఖం మీదా మూడేసి సార్లు వాలింది. అత్తయ్యగారు ఊరుకోలేకపోయారు. "ఇల్లు విడిపించినప్పుడు వీళ్ళంతా ఎక్కడున్నారమ్మాయ్? ఈ హాల్లోనే కదా!" అన్నారు.

ఆ ప్రశ్నకు సమాధానం కథలో కంటే కథను నడిపే పద్ధతిలో దొరుకుతుందనిపిస్తోంది. సోమవారం నుంచి శనివారం వరకూ రోజూ వచ్చే ధారావాహికకు ముగింపు ముందుగా నిర్ణయించి ఉండదు. ఏ సీరియల్‌ను ఎందరు చూశారో లెక్కగట్టే బార్క్ సంస్థ రేటింగులు గురువారం గురువారం వస్తాయి, అవి బాగున్నంతకాలం కథ సాగాలి. ఇంటివారు కథానాయికను ఒక్కసారి మనస్ఫూర్తిగా నమ్మారంటే సగం కథ అక్కడే అయిపోతుంది. పైగా అనుమానానికి అయ్యే ఖర్చు తక్కువ. కొత్త ఊరు అక్కర్లేదు, పోరాటం అక్కర్లేదు, అదే హాలు, అవే పట్టుచీరలు, ఒక ఉత్తరమో ఫోటోయో చాలు. నిజం తెలిసినవారం మనం ఒక్కరమే కావడంతో "చెప్పవేమే, నోరు విప్పవేమే" అని టీవీని కసురుకుంటూ మర్నాడు మళ్ళీ అదే వేళకు కూర్చుంటాము. ఆ కోపమే వారి పెట్టుబడి.

2017 నుంచి 2023 జనవరి దాకా స్టార్ మాలో వచ్చిన 'కార్తీకదీపం'లో డాక్టర్ కార్తీక్ తన భార్య దీపను అనుమానించిన తీరు మా వీధిలో ఎంత చర్చ అయిందో గుర్తుంది. అయితే అక్కడ ఆ అనుమానానికి ఒక ఆధారమైనా ఉంది. కార్తీక్‌కు పిల్లలు పుట్టరని, అతణ్ణి పెళ్ళాడాలనుకున్న మోనిత చేసిన మోసాన్ని వైద్యుడైన అతను వైద్యపరమైన నిజంగా నమ్మాడు. అతనికి కోపం తెప్పించిన సంగతి అబద్ధమే కావచ్చు, కానీ ఆ అబద్ధం అతని కళ్ళకు నిజంగానే కనిపించింది. ఇవాళ్టి ఇంటివారికి ఆ పాటి సాకు కూడా లేదు.

మా అబ్బాయి చదువుకునే రోజుల్లో చూసిన '24' అనే అమెరికా సీరియల్‌లోనూ ఇదే వ్యవహారం నడుస్తుంది. ఉగ్రవాదులను ఎదుర్కొనే ప్రభుత్వ ఏజెంట్ జాక్ బావర్ దేశాన్ని ఎన్నిసార్లు కాపాడినా, ఐదో సీజన్‌లో తాను ఒకప్పుడు ప్రాణాలకు తెగించి కాపాడిన మాజీ అధ్యక్షుడి హత్యానేరమే అతని మీద పడుతుంది. అయినా అక్కడి అధికారులను నేను పూర్తిగా తప్పుపట్టలేను. జాక్ పై వారి మాట వినడు, నియమాలను దాటుతాడు, పైగా పై అధికారులు తరచూ మారిపోతుంటారు. అతను చేసిన మేలును కాగితం మీద చదివినవారే తప్ప పక్కన నిలబడి చూసినవారు చాలా తక్కువ.

ఇవన్నీ ఆలోచిస్తుంటే వాల్మీకి అయోధ్యాకాండలోని భరతుడు గుర్తుకు వచ్చాడు. అన్నగారిని తిరిగి తీసుకురావాలనే తప్ప మరో కోరిక లేని ఆ మనిషిని ఎందరు శంకించారో చూడండి. కౌసల్య నిష్ఠూరంగా మాట్లాడింది, భరతుడు ఒట్ల మీద ఒట్లు పెట్టుకోవలసి వచ్చింది. గంగ ఒడ్డున గుహుడు 500 పడవల్లో, పడవకు నూరుగురు చొప్పున, సాయుధులను సిద్ధం చేసి గానీ ఆయనను పలకరించలేదు. భరద్వాజ మహర్షి కూడా రాముడికి కీడు తలపెట్టి రాలేదు కదా అని అడిగాడు. చివరకు చిత్రకూటంలో లక్ష్మణుడు చెట్టెక్కి సేనను చూసి, భరతుణ్ణి చంపుతానన్నంత పని చేశాడు. ఇంతమంది అనుమానించినా ఒక్కటీ విసుగు పుట్టించదు, ఎందుకంటే కైకేయి వరాల తరువాత భరతుడి మనసును వీరెవరూ చూడలేదు. గుహుడు, ముని ఆయన మాట విన్నాక మరి రెండోసారి అడగలేదు. మా సీరియల్లోని ఇంటివారు మాత్రం చూసినదాన్నే మరిచిపోతున్నారు. తెలియక శంకించేవారి మీద జాలి కలుగుతుంది గానీ, మరిచిపోయి శంకించేవారి మీద ఏ భావమూ నిలవదు.

నిజానికి ఇందులో ఒక మంచి కథ దాగి ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. కోడలు నగలు అమ్మి ఇల్లు నిలబెట్టాక ఆ ఇంట్లో తలెత్తుకు తిరగడం మామగారికి అంత సులభం కాదు. ఆమెలో ఏదో ఒక లోపం దొరికితే తన అప్పు కాస్త తేలికవుతుందన్న ఆశ ఆయనకు కలగవచ్చు. అటువంటి అనుమానం అన్యాయమే అయినా మనుషులది. దాన్ని చూపించి ఉంటే అత్తయ్యగారు కసురుకునేవారు కాదు, బహుశా మౌనంగా చూసేవారు.

చిత్రకూటంలో మరొక మాట ఉంది. నీకు రాజ్యం కావాలంటే భరతుడితో చెప్పి ఇప్పిస్తానని రాముడు అనేసరికి లక్ష్మణుడు సిగ్గుతో ముడుచుకుపోయాడు. సీరియల్లో డబ్బు ఎలాగూ దొరుకుతుంది, అప్పుడు మామగారు కన్నీళ్ళతో "నన్ను క్షమించమ్మా" అంటారు, వెంటనే ప్రకటనలు వస్తాయి. ఆ సిగ్గు ఆయనలో నెల రోజులైనా మిగిలితే, తరువాతి ఉత్తరమో ఫోటోయో దొరికినప్పుడు ఆయన నోరు అంత సులువుగా లేవదు. అది రచయితలకు కుదరదు.