నడుముకి కట్టిన సెన్సర్

మా రాజోలు వైపు గల్ఫ్‌లో ఎవరూ లేని ఇల్లు తక్కువ. ఆడవాళ్ళు కువైట్, మస్కట్‌లలో ఇంటిపనికి, మగవాళ్ళు ఎక్కువగా సైట్ పనికి వెళ్తారు. నేను దుబాయ్‌లో స్కాఫోల్డింగ్ పని, అంటే కట్టే బిల్డింగుల చుట్టూ పరంజా కట్టే పని చేస్తాను. పడిపోకుండా ఒంటికి కట్టుకునే హార్నెస్ బెల్టు, దాని హుక్ ఎప్పుడూ ఉండేవే. ఈమధ్య వాటితోపాటు అగ్గిపెట్టంత సెన్సర్లు ఇచ్చారు. ఒకటి నడుముకి, ఒకటి చీలమండకి.

అందులో యాక్సిలరోమీటర్, గైరోస్కోప్ ఉంటాయి. ఒళ్ళు ఎంత ఊగుతోంది, ఎటు తిరుగుతోంది అన్నది సెకనుకి చాలాసార్లు కొలుస్తాయి. కదలకుండా నిలబడితే యాక్సిలరోమీటర్ భూమి ఆకర్షణకి సమానంగా 9.8 (మీటర్/సెకను²) దగ్గర ఉంటుంది, మనిషి కిందకి పడుతుంటే సున్నాకి దగ్గరవుతుంది. కానీ అప్పుడు తెలిసి ఏం లాభం? అసలు చూడాల్సింది అంతకుముందు అడుగులు. ఒంట్లో ఓపిక ఉన్నంతసేపూ అడుగులు ఇంచుమించు ఒకేలా పడతాయి. అలిసిపోయాక ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆ కాస్త తేడా పక్కనున్నవాడి కంటికి ఆనదు.

క్యాంపులో మాత్రం అందరికీ టెన్షనే. "నా నడక బాలేదని వస్తే ఇంటికి పంపేస్తారా బాబాయ్?" అని అడిగాడు మలికిపురం కుర్రాడు. వీసాకి అప్పు చేసి వచ్చినవాడు. అలా భయపడి బిగుసుకుని నడిస్తే కొలతే తప్పు వస్తుంది. ఒక్కడి అడుగు తూలితే వాడు అలిసిపోయి ఉండొచ్చు. ఒకేచోట నలుగురూ తూలితే మార్చాల్సింది అక్కడి పలకని, మనుషుల్ని కాదు. లొకేషన్ కూడా కలిపి చూస్తే ఆ సంగతి బయటపడుతుంది. నాకు ఈ పరికరం మీద ఆశ కలిగింది ఇక్కడే.

దుబాయ్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు. మంచి రూలే. కానీ సాయంత్రం ఐదింటికి కాళ్ళు పీకేవాడి సంగతి క్యాలెండర్‌కి తెలియదు.

సెలవుకి ఇంటికొస్తే మావయ్య ఇంకా కొబ్బరి దింపుకి వెళ్తున్నారు. చెట్లు వానకి నాని ఉన్నాయి. కాళ్ళు వణికితే కాసేపు ఆగొచ్చు కదా అన్నాను.

"చెట్టుకింత అని కూలి. ఆగితే ఎవడిస్తాడ్రా?" అన్నారు.

మా సైట్‌లోనూ చిక్కు అదే. సెన్సర్ చెప్పిందని ఒకణ్ణి గంటసేపు కిందకి దింపితే ఆ గంట జీతం కొయ్యకూడదు. తిరిగి వెళ్ళగానే సేఫ్టీ ఆఫీసర్‌ని ముందు అదే అడుగుతాను.