గాడి చెరిగిన స్క్రూ

పదకొండున్నర దాటింది, నిద్ర రావడం లేదు. కారణం ఒక స్క్రూ. తోలు కుట్టే పెద్ద మిషను అడుగున, సూది దారాన్ని అందుకునే షటిల్‌ని పట్టి ఉంచే గోరంత స్క్రూ. దాని తల మీది గాడి ఈ ఉదయం వరకు అంచులు నిలబడి చక్కగా ఉండేది. ఇప్పుడు ఎలుక కొరికిన కొబ్బరి చిప్పలా ఉంది. మా ఆయనకి చూపిస్తే, "బిగిసే ఉంది కదా, తల ఎలా ఉంటే ఏమిటి?" అని అటు తిరిగి పడుకున్నారు. ఆయనకి అన్నీ ‘ఉంది కదా’లే.

గుండెకి తప్పెట కట్టుకుని ఎగిరే తప్పెటగుళ్ళ వాళ్ళకి గజ్జెల పట్టీలు కుట్టి, విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను పండగకి ముందే ఇస్తానని ఒప్పుకున్నాను. దసరా వెళ్ళిన మంగళవారమే సిరిమాను. మిగిలిన రోజులు ఒక చేతి వేళ్ళకి సరిపోతాయి. ఇరవై నాలుగు పట్టీలు. గేదె తోలు రెండు పొరలు, బకిల్ దగ్గర మడత పడేచోట నాలుగు. మూడు రోజులుగా ముసురు. నిన్న రాత్రి నాలుగు పట్టీలకి మాత్రమే పొరలు అతికించే సొల్యూషన్ రాసి పెట్టగలిగాను. మిగతావాటికి ఈ ఉదయం ఆరింటికి రాసి, పొరలు అతికించి, వెంటనే మిషను మీదికి ఎక్కించాను.

మొదటిది బాగానే వచ్చింది. రెండోదానికి మడత దగ్గర టక్కుమని చప్పుడు. చూస్తే రెండు కుట్లు వదిలేసి మూడోచోట పడింది. విప్పి మళ్ళీ కుట్టాను. మళ్ళీ అక్కడే. గుడ్డ అయితే విప్పి ఇస్త్రీ చేస్తే ఆనవాలు ఉండదు. తోలుకి పడిన చిల్లు పూడదు. పాత చిల్లుల్లోనే సూది దించుదామంటే అది నా మాట వింటుందా, పక్కన ఇంకో వరుస పొడుస్తుంది. చివరికి రశీదు పుస్తకంలో కాగితం చింపడానికి వేసిన చిల్లుల్లా తయారవుతుంది. గజ్జెలు కట్టుకుని ఎగిరే మనిషి కాలికి అలాంటి పట్టీ ఇస్తే, తెగేది గుడి ముందే. రెండు పట్టీలు చెత్తబుట్టకి వెళ్ళాయి.

అప్పుడే వరండాలోంచి మామయ్యగారు, "సొల్యూషన్ ఆరిందా అమ్మాయీ?" అని అడిగారు. "మీరు ఊరుకోండి మామయ్యగారూ" అన్నాను. మా బుజ్జి నా వైపు అదోలా చూశాడు. సరే, ఆ సంగతి తర్వాత.

మెకానిక్‌ని పిలిచాను. ఇక్కడే నా ఒళ్ళు మండేది. వచ్చి, టీ తాగి, పాత సూది తీసి కొత్తది పెట్టాడు. అంతవరకు బాగుంది. షటిల్ మూత తీసి, టార్చి వేసి, పెద్ద డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు పెదవి విరిచి, "టైమింగ్ పోయిందమ్మా" అన్నాడు. టైమింగ్ అంటే ఏమిటో నాకూ తెలుసు. సూది అట్టడుగుకి దిగి, మళ్ళీ రెండు, రెండున్నర మిల్లీమీటర్లు పైకి లేచేసరికి షటిల్ ముక్కు సూది వెనక గుంట దగ్గరికి రావాలి. అక్కడ ఉబ్బిన దారాన్ని అది అందుకుంటేనే కుట్టు పడుతుంది. అతను రాకముందే చక్రం చేత్తో తిప్పి చూశాను, సరిగ్గానే అందుకుంటోంది. ఆ మాటే చెప్పాను. "మీకు తెలియదులెండి" అన్నాడు. పన్నెండేళ్ళుగా ఆ మిషను మీద కూర్చునేదాన్ని నేను.

ఆ తర్వాత జేబులోంచి ఒక సన్నటి స్క్రూ డ్రైవర్ తీశాడు. గాడి వెడల్పులో సగం కూడా లేదు. "పెద్దది ఉంది, ఇస్తాను" అనేలోపే ఒత్తి తిప్పాడు. జారింది. మళ్ళీ ఒత్తాడు, మళ్ళీ జారింది. ఆ చప్పుడు పలక మీద గోరుతో గీసినట్టు ఇప్పటికీ చెవిలో ఉంది. షటిల్‌ని వెంట్రుకవాసి కదిపి, మళ్ళీ బిగించి, మూల పడి ఉన్న ఎండు తోలు ముక్క మీద కుట్టి చూపించాడు. ముత్యాల్లాంటి కుట్లు. ఏడువందలు తీసుకున్నాడు. పోతూ పోతూ, "పాతదయిపోయిందమ్మా, అమ్మేసి కంప్యూటర్ మిషను తీసుకోండి, మావాడి దగ్గర ఉంది" అని సలహా ఒకటి. ఆ సలహాకి విడిగా డబ్బులు అడగలేదు, నయం.

అతను వీధి మలుపు తిరిగాడో లేదో, తర్వాతి పట్టీ మడత దగ్గర మళ్ళీ టక్.

అప్పుడు నిజంగానే అమ్మేద్దామనుకున్నాను. అరగంట ఫోనులో కొత్త మిషన్లు చూశాను. కొంటే ఈసారి సర్వో మోటారుతోనే కొనాలనీ అనుకున్నాను. ఇప్పుడున్నది క్లచ్ మోటారు. మనం కుట్టినా కుట్టకపోయినా స్విచ్ వేస్తే చాలు, నిమిషానికి పద్నాలుగు వందల చుట్లు గుయ్యిమని తిరుగుతూనే ఉంటుంది. సర్వో అయితే పెడల్ నొక్కినప్పుడే తిరుగుతుంది, కావాలంటే ఒక్కొక్క కుట్టే నిదానంగా వేసుకోవచ్చు. తోలుకి కావలసింది ఆ నిదానమే. మోటారు ఒక్కటీ మారిస్తే చాలు కదా అని మూడేళ్ళుగా అడుగుతున్నాను. "తిరుగుతోంది కదా" అని జవాబు.

ఫోను చూస్తుంటే ఇది కొన్న రోజు గుర్తొచ్చింది. విశాఖలో ఆ గోదాము. చెప్పుల ఫ్యాక్టరీలో వాడి తీసేసినవని చెప్పి, వరసగా పదిహేను మిషన్లు నిలబెట్టాడు. నాకు రంగు మెరుస్తున్నది నచ్చింది. మామయ్యగారికి అప్పటికి చూపు బాగానే ఉండేది. ఆయన రంగు వైపు చూడనే లేదు. కూర్చునే చోట కూర్చోకుండా మిషను తల వెనక్కి వాల్చి, కింద మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఒక్కొక్క స్క్రూ తల మీద బొటనవేలు పెట్టి తడిమారు. ఎన్ని చేతులు దీన్ని కెలికాయో స్క్రూ గాడులు చూస్తే తెలుస్తుందట. రంగుది పక్కన పెట్టించారు. దాని షటిల్ దగ్గర మూడు స్క్రూల గాడులు అరిగి గుంటలు పడ్డాయి. తర్వాత సూది కడ్డీని వేళ్ళతో పట్టి ముందుకీ వెనక్కీ ఊపారు. షటిల్ ముక్కు మీద గోరు నిదానంగా నడిపి, ఎక్కడైనా గరుకు తగులుతుందేమో చూశారు. గరుకుంటే దారం పీచు లేస్తుంది.

చివర్లో అమ్మేవాడు కాన్వాసు ముక్క పెట్టి జుయ్యిమని కుట్టి చూపించబోయాడు. ఆయన చొక్కా జేబులోంచి నాలుగు తోలు ముక్కలూ మన దారం ఉండా తీశారు. "ఇది కుట్టు బాబూ" అన్నారు. పల్చటిది, మందంది, మడతపెట్టింది, మెత్తగా సాగేది. మామూలు మిషనులో కింది పళ్ళు ఒక్కటే లాగుతాయి, పైపొర వెనకబడి చివర్లో అంగుళం తేడా వస్తుంది. ఇందులో సూది, లోపలి పాదం, కింది పళ్ళు మూడూ కలిసి పొరల్ని పట్టుకుని ఒక్క అడుగు వేస్తాయి, ఆ తర్వాత బయటి పాదం దిగి నొక్కి పడుతుంది. అది మొదటిసారి దగ్గరగా చూసింది ఆ రోజే. సంక్రాంతి గంగిరెద్దు నడిచినట్టుంది అన్నాను. ఆయన నవ్వారు. అంతకుముందు ఆయన దగ్గర ఉన్నది ప్యాచర్ మిషను. పాదం ఎటు కావాలంటే అటు తిరిగేది, చెప్పు ముక్కులోకి కూడా దూరేది కానీ ఆ పాదానికి ఉన్న పళ్ళు తోలు మీద గాట్లు పెట్టేవి. బాబిన్ చిన్నది, నాలుగు చెప్పులకే దారం అయిపోయేది. అతుకులకి మంచిది, కొత్త సరుకుకి కాదు. పెళ్ళయిన కొత్తలో నేను తెలియక దానికి కొబ్బరినూనె పోశాను. డిసెంబరు చలికి గడ్డకట్టింది. కోడి ఈకని కిరోసిన్‌లో ముంచి రోజంతా తుడిచారు కానీ ఒక్క మాట అనలేదు.

అలాంటి మనిషిని ఉదయం ఊరుకోమన్నాను.

సాయంత్రం దారం మారుస్తూ సూది మీద వేలు పెట్టాను. అంటుకుంది. కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే సూది చుట్టూ, కంటి దాకా నల్లటి జిగురు, సాలెగూడు తీగలా సాగుతోంది. ముసురుకి సొల్యూషన్ ఆరనే లేదు. తడి పొరల్లోంచి దిగి లేచే సూదికి జిగురు పట్టి, దారాన్ని కదలనివ్వకుండా పట్టేసింది. దారం ఉబ్బకపోతే షటిల్ ఏం అందుకుంటుంది? అందుకే సూదికి ఇంకా జిగురు పట్టనప్పుడు మొదటి పట్టీ బాగా వచ్చింది, ఎండు ముక్క మీద మెకానిక్‌కీ బాగానే పడింది. సూది తుడిచి, నిన్న రాత్రి అతికించిన నాలుగు పట్టీలూ కుట్టాను. ఒక్క కుట్టు తప్పలేదు. చీకటి పడ్డాక బృందం పెద్దాయన వచ్చి, ఒక పట్టీకి గజ్జెలు కట్టించి, కాలికి చుట్టుకుని వాకిట్లో రెండు గెంతులు గెంతాడు. వినడానికి బాగుంది.

అంటే తప్పు మిషనుది కాదు, మెకానిక్‌దీ కాదు, నా తొందరది. ఇలా రాసేశాక కోపం తగ్గాలి, తగ్గడం లేదు. తప్పు నాదే కానివ్వండి, ఆ స్క్రూ ఏం చేసింది? అడగకుండా ఎందుకు ముట్టుకున్నాడు? పెద్ద స్క్రూ డ్రైవర్ చేతికి అందేంత దూరంలోనే ఉంది. రేపెప్పుడైనా నిజంగానే షటిల్ విప్పాల్సి వస్తే ఆ గాడికి ఏదీ పట్టదు. ఈ మిషను ఎవరికైనా అమ్మినా, జేబులో తోలు ముక్కలతో వచ్చే ఒక ముసలాయన బొటనవేలు సరిగ్గా అక్కడికే వెళుతుంది. పిలిచింది నేనే అన్నది వేరే సంగతి.

మామయ్యగారికి సొల్యూషన్ సంగతి చెప్పలేదు. అన్నం పెట్టేటప్పుడు చెబుదామనుకున్నాను. ఆయనే "పట్టీలు బాగా వచ్చాయా?" అని అడిగితే "ఆ, వచ్చాయి" అన్నానంతే. పులుసు ఇంకాస్త వేశాను. రేపు ఆ స్క్రూ తీయించి కొత్తది వేయించాలా, ఉన్నదాన్ని ఆయన వేలికి తగలనివ్వకుండా ఉంచాలా, తేలలేదు.

ఇందాకటి నుంచి ఏదో గుయ్యిమంటోంది, ఫ్యాను అనుకుంటూ ఇంత దూరం రాశాను. వరండాలోంచి ఇప్పుడే పిలిచారు, "అమ్మాయీ, మోటారు కట్టేయలేదు."